పద్యం ఒక ట్రాకు, హార్మోనియం ఒక ట్రాకు

పద్య నాటకంలో పద్యానికి తాళం ఉండదు. నటుడు ఎంత ఊపిరి పట్టగలిగితే అంత రాగం, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ విరుపు. పక్కన కూర్చున్న హార్మోనిస్టు అతని పెదవుల కదలికను గమనిస్తూ వెంట నడుస్తాడు. నటుడు ఆగిన చోట రాగాన్ని అందుకుని, రెండు మూడు తిప్పులు తిప్పి, మళ్లీ అతనికే అప్పగిస్తాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల శ్రీరామనవమి పందిళ్లలో, తిరునాళ్లలో తెల్లవార్లూ నాటకం చూసినవాళ్లకు ఈ ఇచ్చిపుచ్చుకోవడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. దీన్ని టేపు మీదికి ఎక్కించాలన్నప్పుడే చిక్కంతా వస్తుంది. గొంతూ హార్మోనియమూ ఒకే సమయంలో, ఒకదాన్నొకటి వింటూ పుట్టాలి. వాటి పాళ్లు మాత్రం తర్వాత తీరిగ్గా, విడివిడిగా సర్దుకునే వీలుండాలి. ఒక్క క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులూ, వాటికి అతికించినట్టుగా ఓ చిన్న మిక్సరూ ఉన్న రికార్డరు ఈ చిక్కును విప్పగలదు. అయితే దాని మీదున్న నాబ్‌లలో ఏది ఎప్పుడు ఏ పని చేస్తుందో తెలియాలి. రికార్డు చేసేటప్పుడు ఒక పని చేసిన నాబే మిక్సింగ్ అప్పుడు మరో పని చేస్తుంది. కొత్తవాళ్లు తడబడేది అక్కడే.

మైకు లేని రోజుల్లో పాళ్లు కుదర్చడమంతా గొంతు పని. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా ఆంధ్రదేశాన్ని మెప్పించిన స్థానం నరసింహారావు తరం నటులు, ఆఖరి వరసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా మాట అందేలా పాడాల్సి వచ్చేది. రంగస్థలం మీద హెచ్చు శ్రుతికి అంత గౌరవం ఉండటానికి ఒక కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. అదే శక్తితో వచ్చినా 200 హెర్ట్జ్ ధ్వని కంటే 500, 1000 హెర్ట్జ్ ధ్వనులు మనకు బిగ్గరగా వినిపిస్తాయి. ఆరు శ్రుతిలో పాడే నటుడికి ఆధార షడ్జమం సుమారు 220 హెర్ట్జ్, తారషడ్జమం 440, ఆపై పంచమం 660. పద్యం తారస్థాయికి ఎక్కిన ప్రతిసారీ గొంతు చెవికి అనువైన మేరలోకి వెళ్తుంది.

గ్రామఫోను వాళ్లు అదే సమస్యను దూరంతో పరిష్కరించారు. 1925 ప్రాంతంలో విద్యుత్ రికార్డింగు వచ్చేదాకా పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒక పెద్ద బాకా ముందు చేరేవారు. పాడేవాడు దాని నోటికి దగ్గరగా, గట్టిగా మోగే వాద్యం దూరంగా ఉండేది. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే అప్పటి మిక్సింగు. ఆ తర్వాత మన వేదికల మీద మైకులు వేలాడదీసినప్పుడు కూడా పద్యం ఎత్తుకునే ముందు నటుడు ఓ అడుగు ముందుకు జరిగి మైకు కిందికి వచ్చేవాడు. దూరం సగమైతే మైకుకు అందే ధ్వని ఆరు డెసిబెళ్లు పెరుగుతుంది, అంటే వోల్టేజి రెట్టింపవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేయకపోయినా అనుభవమున్న నటుడి కాళ్లకు తెలుసు. కానీ దూరంతో కుదిర్చిన పాళ్లు ఆ క్షణంలోనే గట్టిపడిపోతాయి. ఇంటికి వెళ్లి విన్నాక హార్మోనియం మాటను మింగేసిందని తెలిసినా ఇక చేయగలిగింది లేదు.

క్యాసెట్టు 1963లో ఫిలిప్స్ కంపెనీలో లూ ఒటెన్స్ బృందం చేతుల్లో పుట్టింది. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే. మన ఇళ్లలోని స్టీరియో క్యాసెట్టులో ఆ వెడల్పును నాలుగు సన్నని దారులుగా పంచుకుని, ఒక వైపుకు రెండు, తిరగేస్తే మరో రెండు వాడతారు. 1979లో జపానుకు చెందిన టీయాక్ కంపెనీ విడుదల చేసిన పోర్టాస్టూడియో 144 చేసిన పని వినడానికి చాలా చిన్నది. నాలుగు దారుల్నీ ఒకే దిశలో, ఒకేసారి వాడుకోవడం. దాంతో బీ వైపు అనేది లేకుండా పోయింది. సన్నని దారి మీద నాణ్యత నిలవడానికి టేపు వేగాన్ని సెకనుకు 4.76 సెంటీమీటర్ల నుంచి రెట్టింపు చేసి సుమారు 9.5కు పెంచారు. అరవై నిమిషాల క్యాసెట్టులో చేతికొచ్చేది పదిహేను నిమిషాలే. ఆ పదిహేను నిమిషాలకు ఎంత విలువుందో 1982లో తెలిసింది. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇంట్లో కూర్చుని ఇదే యంత్రం మీద నమూనాగా పాడుకున్న పాటల్ని బృందంతో స్టూడియోలో మళ్లీ చేయబోతే ఆ ప్రాణం రాలేదు. చివరికి ఆ క్యాసెట్టు పాటలే 'నెబ్రాస్కా' ఆల్బంగా వెలువడ్డాయి.

ఇప్పుడు తెనాలిలో ఓ మేడ మీది గదిని ఊహించుకుందాం. ఒక నటుడు, ఒక హార్మోనిస్టు, ఒక తబలా, రెండు మూడు డైనమిక్ మైకులు, మధ్యలో ఈ రికార్డరు. నటుడి మైకు తీగ ఒకటో ఛానల్లోకి వెళ్లింది. సంకేతం ముందుగా ఎదుర్కొనేది ట్రిమ్ నాబ్‌ను. దగ్గరగా గట్టిగా పాడితే డైనమిక్ మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. లోపలి సర్క్యూట్లు సౌఖ్యంగా పనిచేసేది ఓ వోల్టులో మూడో వంతు దగ్గర. అంటే వంద రెట్లు, డెసిబెళ్లలో చెప్తే నలభై, పెంచాలి. ఆ పెంపు ఎక్కడ జరగాలన్నది చాలా ముఖ్యం. ట్రిమ్ తక్కువగా ఉంచి ఫేడరు అనే జారుడు మీటను పైకంటా తోస్తే, గొంతుతో పాటు మిక్సరు సొంత బుస కూడా పెరుగుతుంది. ట్రిమ్ మరీ ఎక్కువైతే మొదటి మెట్టులోనే తరంగం తల తెగిపోతుంది. తర్వాత ఫేడరు తగ్గిస్తే బొంగురు నెమ్మదిగా వినిపిస్తుందే తప్ప పోదు. అందుకే చాలా నమూనాల్లో ఫేడరు పక్కన ఏడు, ఎనిమిది అంకెల దగ్గర ఓ పట్టీ గీసి ఉంటుంది. ముందు ఫేడరును ఆ పట్టీలో నిలిపి, నటుడిని పద్యంలో అన్నిటికంటే ఎత్తైన చోటు పాడమని, అప్పుడు ట్రిమ్ తిప్పి మీటరు సరిచూడాలి. మామూలు మాటతో సరిచూస్తే రాగం ఎత్తుకోగానే అంతా తలకిందులవుతుంది.

మీటరును కూడా పూర్తిగా నమ్మకూడదు. వీయూ మీటరు సూది ధ్వనిని అందుకోవడానికి సుమారు 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. సాగే గొంతుకూ హార్మోనియానికీ అది సరిపోతుంది. తబలా మీద వేలి దెబ్బ మొదటి కొన్ని మిల్లీసెకన్లలోనే శిఖరానికి చేరి కిందికి దిగిపోతుంది. సూది కదిలేలోగా దెబ్బ టేపు మీద పడిపోయి ఉంటుంది. గొంతును సున్నా దాకా రానివ్వొచ్చు. తబలాను మాత్రం సూది ఇంకా ఎంతో కిందున్నట్టు కనిపించినప్పుడే ఆపాలి. టేపు మీది అయస్కాంత రేణువులు ఒక హద్దు వరకే నిండుతాయి. ఆ హద్దు దగ్గర ధ్వని ఒత్తుకుపోతుంది, ముందుగా పోయేవి పై స్థాయి పౌనఃపున్యాలు. తబలా 'నా' అక్షరంలోని గణగణ అక్కడే ఉంటుంది.

ఇక పాన్ నాబ్. దీన్ని ఎడమకు తిప్పితే ధ్వని ఎడమ స్పీకరులోకి, కుడికి తిప్పితే కుడి స్పీకరులోకి వెళ్తుందని అందరికీ తెలుసు. మిక్సింగ్ సమయంలో అది నిజమే. రికార్డింగ్ సమయంలో ఇదే నాబ్ తెనాలి జంక్షన్లోని పాయింట్ల పని చేస్తుంది. విజయవాడ నుంచి వచ్చిన బండిని బాపట్ల వైపు పంపాలా, రేపల్లె వైపు పంపాలా అన్నది అక్కడ తేలినట్టే, ఛానల్లోంచి వచ్చిన ధ్వని ఏ ట్రాకుకు చేరాలన్నది పాన్ దగ్గర తేలుతుంది. ఈ తరహా యంత్రాల్లో ఎడమ దారి ఒకటి, మూడు ట్రాకులకు, కుడి దారి రెండు, నాలుగుకు వెళ్తుంది. ఏ ట్రాకు రికార్డుకు సిద్ధంగా ఉందన్నది వేరే స్విచ్చు చెప్తుంది. నటుణ్ణి పూర్తిగా ఎడమకు, హార్మోనియాన్ని పూర్తిగా కుడికి తిప్పితే ఒకరు ఒకటో ట్రాకు మీద, ఒకరు రెండో దాని మీద శుభ్రంగా పడతారు. అలవాటు కొద్దీ రెండింటినీ మధ్యలో ఉంచితే రెండు ట్రాకుల మీదా ఇద్దరూ కలిసి పడతారు. అప్పుడు నాలుగు ట్రాకుల యంత్రం వేలాడే మైకు స్థాయికి దిగిపోయినట్టే.

ఇంతవరకూ టేపు మీదికి వెళ్లే దారి. వినే దారి వేరే ఉంది. పైన వరసగా చిన్న చిన్న నాబ్‌లు నాలుగు కనిపిస్తాయి, టేప్ క్యూ అని రాసి ఉంటుంది. అవి టేపు మీద ఇప్పటికే ఉన్న ట్రాకులు హెడ్‌ఫోన్లో ఎంత వినిపించాలన్నది మాత్రమే నిర్ణయిస్తాయి. వాటిని ఎంత తిప్పినా టేపు మీద పడేదానికి ఏమీ కాదు. ఈ రెండు దారులూ వేరన్నది ఒంటబడితే మిక్సరు సగం వచ్చేసినట్టే. నటుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని "హార్మోనియం కాస్త పెంచండి మాస్టారూ, శ్రుతి అందట్లేదు" అంటే, అది ముందే ట్రాకు మీద ఉన్న హార్మోనియమైతే క్యూ నాబ్ తిప్పాలి. చేయి అలవాటుగా ఫేడరు మీదికి పోయిందా, ఆ క్షణంలో రికార్డవుతున్న గొంతు పాళ్లే మారిపోతాయి. నటుడికి ఒక చెవి తెరిచి ఉంచడం మంచిది. తన గొంతు గదిలో ఎలా మోగుతోందో వినకపోతే ఏళ్ల తరబడి వేదిక మీద పాడినవాళ్లు కూడా శ్రుతి జారతారు.

ఒక ట్రాకు వింటూ మరో ట్రాకు మీద కొత్తగా పాడటం ఈ యంత్రాల అసలు బలం. దాని వెనక ఒక ఇంజనీరింగు కిటుకుంది. రికార్డు చేసే హెడ్డూ వినిపించే హెడ్డూ వేరువేరుగా, ఐదు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. సెకనుకు 9.5 సెంటీమీటర్లు పోయే టేపుకు ఆ దూరం దాటడానికి ఇరవయ్యో వంతు సెకను పడుతుంది. విన్నదాన్ని బట్టి పాడిందంతా అంత ఆలస్యంగా పడుతుంది. అందుకని ఒకే హెడ్డు కొన్ని ట్రాకుల మీద వినిపిస్తూ, అదే గీత దగ్గర పక్క ట్రాకు మీద రాస్తుంది. సినిమా పాటకైనా భజన కీర్తనకైనా ఇది వరం. తాళం ఉంది కాబట్టి తబలా ముందు, మిగతావి తర్వాత, ఎవరి వీలును బట్టి వాళ్లు వచ్చి వాయించి పోవచ్చు.

పద్యానికి ఆ పద్ధతి పనికిరాదు. హార్మోనియం ముందే వాయించి ఉంచితే నటుడు దాని ఊపిరికి తన ఊపిరిని కట్టేయాలి. పద్యం ముందు పాడించి హార్మోనియం తర్వాత వాయిస్తే, నటుడు ఆగింది ఏ జవాబు కోసమో ఆ జవాబు అప్పటికి పుట్టనే లేదు. ఆ ఆగడం ఉత్త ఖాళీగా వినిపిస్తుంది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. పద్యమూ హార్మోనియమూ ఒకేసారి, ఒకరికొకరు కనబడేలా కూర్చుని చేయాలి. వేరు చేయాల్సింది మనుషుల్ని కాదు, మైకుల్ని. ఇక్కడ మళ్లీ పాత దూరం లెక్కే అక్కరకొస్తుంది. నటుడి మైకు అతని నోటికి పదిహేను సెంటీమీటర్లలో ఉంటే, హార్మోనియం మైకు అతని నోటికి కనీసం నలభై ఐదు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మూడు రెట్ల దూరానికి ధ్వని తొమ్మిదిన్నర డెసిబెళ్లు తగ్గుతుంది. హార్మోనియం మైకులోకి గొంతు కొంచెం కారినా, పాళ్లు మార్చినప్పుడు పెద్దగా అల్లరి చేయదు. మైకు ఒక పక్కనుంచి వచ్చేదాన్ని వదిలేసే రకమైతే దాని వీపును నటుడి వైపు తిప్పాలి. తబలాను మాత్రం ఆ తర్వాత మూడో ట్రాకు మీద వేసుకోవచ్చు, అది పాట వచ్చినప్పుడే కదా మోగేది.

తప్పు పడిన పాదాన్ని దిద్దడానికి కూడా పద్యంలో ఒక సహజమైన చోటుంది. నటుడు ఆగి హార్మోనియం అందుకున్నప్పుడు గొంతు ట్రాకు నిశ్శబ్దంగా ఉంటుంది. అక్కడ గొంతు ట్రాకును మాత్రమే రికార్డులో పెట్టి తర్వాతి పాదాన్ని మళ్లీ పాడిస్తే అతుకు వినబడదు. కానీ కొత్త పాదం పాత పాదమంత పొడుగే ఉండాలి, లేదంటే వెనక హార్మోనియం తొందరపడినట్టుంటుంది.

ఇప్పుడు మిక్సింగు. ఛానల్ స్విచ్చును మైకు నుంచి టేపుకు మారుస్తాం. ఇందాక గొంతును టేపుకు పంపిన ఫేడరే ఇప్పుడు టేపు నుంచి వచ్చిన గొంతును, తుది క్యాసెట్టు తయారయ్యే స్టీరియో డెక్కుకు పంపుతుంది. పాన్ ఇప్పుడు నిజంగా చోటు చూపిస్తుంది. గొంతు మధ్యలో, హార్మోనియం కొద్దిగా పక్కకు ఉంటే వేదిక ముందు కూర్చున్న అనుభూతి వస్తుంది. పూర్తిగా ఒక పక్కకు మాత్రం తోయవద్దు. ఈ క్యాసెట్టు ఏదో ఒక రోజు పందిట్లో ఒక ఛానల్ మాత్రమే మోగే మైకు సెట్టు మీద పడుతుంది, హార్మోనియం మాయమవుతుంది.

గొంతు మాట తెలియడం లేదంటే ఎవరైనా ముందు గొంతు ఫేడరునే పెంచుతారు. చాలాసార్లు మందు హార్మోనియం ఛానల్లో ఉంటుంది. హార్మోనియం రీడు స్వరం గొంతు పాడే స్వరం దగ్గరే ఉంటుంది, పైగా దాని అనుస్వరాలు, అంటే మూల స్వరంతో పాటు పైన మోగే స్వరాలు, కొన్ని వేల హెర్ట్జ్ దాకా దట్టంగా వ్యాపిస్తాయి. మాటలోని హల్లులు స్పష్టమయ్యేది 2000 నుంచి 4000 హెర్ట్జ్ మేరలో, మన చెవి గొట్టం నిర్మాణం వల్ల మనకు అన్నిటికంటే చురుగ్గా వినబడేదీ ఆ మేరే. దగ్గర దగ్గర పౌనఃపున్యాల్లో బలమైనది బలహీనమైనదాన్ని కప్పేస్తుంది. అందుకే ఆ మేరలో హార్మోనియాన్ని మూడు నాలుగు డెసిబెళ్లు తగ్గిస్తే, గొంతును తాకకుండానే గొంతు ముందుకొస్తుంది. కొన్ని యంత్రాల్లో ఏ పౌనఃపున్యం దగ్గర తగ్గించాలో ఎంచుకునే నాబ్ ఉంటుంది. ఉత్త బాస్, ట్రెబుల్ మాత్రమే ఉన్నవాటిలో ట్రెబుల్‌ను కొంచెం వెనక్కి తిప్పి సరిపెట్టుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని గుయ్‌మనే చప్పుడు 50లోనూ 100లోనూ ఉంటుంది. గొంతు ఛానల్లో బాస్ తగ్గిస్తే ఆ గుయ్‌మనడం తగ్గుతుంది, గొంతుకు నష్టం లేదు. తబలా ఛానల్లో అదే పని చేస్తే తబలా జతలోని డగ్గా మోత పోతుంది.

అన్నిటికంటే చవకైన మెరుగు ఒకటుంది, ఎవరూ పట్టించుకోరు. ప్రతి ట్రాకుకూ దాని సొంత బుస ఉంటుంది. నాలుగు ట్రాకుల బుస సమానంగా కలిస్తే ఒక్కదాని కంటే ఆరు డెసిబెళ్లు పెరుగుతుంది. తబలా లేని పద్యం సాగుతున్నంతసేపూ తబలా ఫేడరు, ఖాళీగా ఉన్న నాలుగో ఫేడరు కిందికి దించి ఉంచాలి. పాట మొదలయ్యే ముందు తబలాను పైకి తెస్తే చాలు.

మూడు ట్రాకుల్ని కలిపి నాలుగోదాని మీదికి దించి, ఖాళీ అయిన మూడింటిని మళ్లీ వాడే పద్ధతి కూడా ఉంది. ప్రతి దించుడులో ఒక కొత్త వాద్యాన్ని కలుపుతూ పోతే నాలుగు ట్రాకుల మీద పది వాద్యాలు పడతాయి. కానీ ప్రతి తరానికీ బుస పెరుగుతుంది, పై స్వరాలు మసకబారతాయి, కలిపిన పాళ్లను ఇక విడదీయలేం. పద్యానికి అంత సరంజామా అక్కర్లేదు.

బుసను తగ్గించే డీబీఎక్స్ వంటి ఏర్పాట్లు ధ్వని హెచ్చుతగ్గుల్ని రాసేటప్పుడు సగానికి నొక్కి, వినిపించేటప్పుడు మళ్లీ రెట్టింపు చేస్తాయి. వాటి వల్ల బుస నిజంగానే మాయమవుతుంది. అయితే హెడ్డు మీద మురికి వల్ల ఒక డెసిబెల్ తగ్గితే అది వినిపించేటప్పుడు రెండు డెసిబెళ్ల తేడా అవుతుంది. ఇక వేగం. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన నటుడు కల్యాణం రఘురామయ్యను జనం ఈలపాట రఘురామయ్య అనే పిలుచుకున్నారు. అటువంటి ఈలను రికార్డు చేస్తే యంత్రం గుట్టు బయటపడుతుంది. ఈలలో అనుస్వరాలు దాదాపు ఉండవు, ఒక్కటే పౌనఃపున్యం. టేపు వేగంలో ఏ కొద్ది వణుకున్నా గొంతులో గమకంగా చెల్లిపోతుంది గానీ ఈలలో వణుకుగానే వినబడుతుంది. హార్మోనియం నిలకడ స్వరం కూడా అంతే నిక్కచ్చి. యంత్రం మీద పిచ్ నాబ్ ఉంటే పోర్టాస్టూడియో 144లో లాగా వేగాన్ని 15 శాతం దాకా అటూ ఇటూ మార్చవచ్చు. ఆరు శాతం మారితే ఒక అరస్వరం. హార్మోనియం రీడ్లను అప్పటికప్పుడు శ్రుతి చేయలేం కాబట్టి, పాట కోసం తర్వాత వచ్చిన హార్మోనియానికి తగ్గట్టు టేపునే శ్రుతి చేసుకోవడానికి ఇది పనికొస్తుంది.

అటువంటి క్యాసెట్టు ఒకటి ఇంట్లో అట్టపెట్టెలో దొరికి, మామూలు టేపురికార్డరులో పెట్టి చూస్తే వింతగా ఉంటుంది. రెండు ట్రాకులు మాత్రమే, సగం వేగంతో, ఒక స్థాయి కిందికి దిగి మూలుగుతాయి. తిరగేస్తే మిగతా రెండూ వెనక నుంచి ముందుకు నడుస్తాయి. చెడిపోయిందని పారేయవద్దు, అది నాలుగు ట్రాకుల క్యాసెట్టు. కృష్ణా డెల్టా చివర రేపల్లెలోనూ, సముద్రం పక్కన బాపట్లలోనూ గాలిలో తేమ ఎక్కువ. టేపు చుట్ట మీద తెల్లగా బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టకుండా ముందు ఆరబెట్టి, తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించాలి. లేకపోతే ఆ బూజు హెడ్డుకు, హెడ్డు నుంచి తర్వాతి క్యాసెట్టుకు అంటుతుంది. వినే యంత్రం నాలుగు ట్రాకులదే అయి ఉండాలి, వేగం స్విచ్చూ డీబీఎక్స్ స్విచ్చూ రాసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు మిక్సరు గుండా కలపకుండా, యంత్రం వెనక నాలుగు ట్రాకులకు వేర్వేరు అవుట్ సాకెట్లుంటే వాటినుంచి నాలుగింటినీ ఒకేసారి విడివిడిగా తీసుకోవాలి. గొంతు ఎంత, హార్మోనియం ఎంత అన్నది ఆ తర్వాత ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా సర్దుకోవచ్చు.